మనవరాలి చుక్క నా చెంప మీద

మా మనవరాలికి పాస్‌పోర్టు ఇప్పించింది నేనే. ఆ పని మీద నేను ఆఫీసులో అడుగు పెట్టగానే అధికారులు లేచి నిలబడ్డారనీ, కుర్చీ వేశారనీ, టీ తెప్పించారనీ మా నాచారం వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర చాలాసార్లు చెప్పాను. వినేవాళ్లు మారినప్పుడల్లా ఆ టీ వెంట బిస్కెట్లు వచ్చాయి. ఒకసారి సమోసా కూడా వచ్చింది. నోటితో చెప్పేటప్పుడు ఏ బాధా లేదు గానీ రాసేటప్పుడు చెయ్యి కొంచెం తడబడుతుంది. అందుకని ముందే ఒప్పుకుంటున్నాను: ఆ ఆఫీసు గోడలకు ఏ రంగు వేశారో కూడా నాకు తెలియదు. నన్ను గేటు దాటనివ్వలేదు. పిల్లతో తల్లిదండ్రులే వెళ్లాలట, తాతలకు లోపల పని లేదట. అయినా సరే, పాస్‌పోర్టు ఇప్పించింది నేనేనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మా అమ్మాయి నాచారంలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తుంది. తయారైన గోలీల్లో ఉండాల్సిన మందు ఉందా లేదా అని పరీక్షించే పని. నేను అదే పారిశ్రామికవాడలో లేత్ మిషన్ ముందు నిలబడే జుట్టు నెరిసినవాణ్ని. నా చేతులు ఇనుప రజనుతో నల్లగా ఇంటికొచ్చేవి, దాని చేతులు సబ్బు వాసనతో వస్తాయి. ఆ కంపెనీకి ఐర్లాండులో ఇంకో ప్లాంటు ఉంది. అక్కడ కొత్త మిషన్ల మీద పని నేర్చుకుని రావడానికి ఇక్కడి నుంచి ఒకరిని ఏడాదిపాటు పంపుతారు. ఈసారి మా అమ్మాయి పేరు వచ్చింది. భర్తనూ పిల్లనూ వెంట తీసుకుపోవచ్చన్నారు. ఒకే షరతు. నెలాఖరులోగా ముగ్గురి పాస్‌పోర్టు నంబర్లూ ఆఫీసులో ఇవ్వాలి, వీసా కాగితాలన్నీ ఒక్కసారే వెళ్తాయి. ఇవ్వలేకపోతే ఆ పేరు తీసేసి వరసలో తర్వాతి మనిషిని పంపుతారు.

అమ్మాయికీ అల్లుడికీ పాస్‌పోర్టులు ఉన్నాయి. లేనిది పిల్లకు. దానికి అప్పుడప్పుడే కూర్చోవడం వస్తోంది.

"పాపను మీ అమ్మ దగ్గర ఉంచిపోరాదు?" అని ల్యాబులో ఎవరో సలహా ఇచ్చారట.

"పాలు తాగే పిల్లను ఇడిసిపెట్టి నేను నాచారమే దాట, ఇంక సముద్రం దాటుతనా? పోతే ముగ్గురం పోతం, లేకుంటే లేదు" అని చెప్పి వచ్చింది మా అమ్మాయి. ఆ మాట అన్నంత తేలిగ్గా లేదని ఆ రాత్రి దాని ముఖం చూస్తే తెలిసింది. ఆ అవకాశం కోసం అది ఎన్ని ఆదివారాలు డ్యూటీ చేసిందో నాకు తెలుసు. అమ్మాయీ అల్లుడూ మా ఇంట్లోనే ఉంటారు; అల్లుడు ఉప్పల్‌లో బండ్ల షోరూములో పనిచేస్తాడు. ఏడాది సెలవు ఇవ్వకపోతే ఉద్యోగం వదిలేసి పిల్లను చూసుకుంటానన్నాడు. అంతా సిద్ధంగా ఉంది. ఆ చిన్న నీలం పుస్తకం ఒక్కటి చేతికొస్తే చాలు.

"గా పని నాకిడువు బిడ్డా, నాకు తెల్సినాఫీసరున్నడు" అన్నాను నేను. నాకు తెలిసిన ఆఫీసరెవరూ లేడు. మా ఫ్యాక్టరీలో హాజరు రాసే టైమ్ ఆఫీసులో కూర్చునే ఒకాయన ఉండేవాడు, ఆయన రిటైరై చాలా కాలమైంది.

పెద్దవాళ్లకైతే పాస్‌పోర్టు ఆఫీసులోనే ఫొటో తీస్తారు. చంటిపిల్లలకు మాత్రం మనమే తీయించుకుని తీసుకుపోవాలి. వెనకాల తెల్లగా ఉండాలి, కళ్లు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, ముఖం తిన్నగా చూస్తుండాలి, పట్టుకున్నవాళ్ల చెయ్యి కనబడకూడదు. ఇవన్నీ తెలిసిన చంటిపిల్ల ఇంతవరకు భూమ్మీద పుట్టలేదు. అయినా ఆ రోజు మా మనవరాలు ఒక్క క్షణం బుద్ధిగా కూర్చుంది. గొడవ దాని వల్ల కాలేదు, దాని అమ్మమ్మ వల్ల వచ్చింది.

మా ఇంటావిడ ఆ పిల్లకు పెట్టే దిష్టి చుక్క మామూలు చుక్క కాదు. నిండు బొట్టుబిళ్లంత ఉంటుంది. దానికో కారణముంది. పిల్లకు మూడో నెల నడుస్తున్నప్పుడు చుట్టాల పెళ్లికి పోయాం. హడావుడిలో చుక్క మరిచిపోయారు. పది చేతులు మారి ఇంటికొచ్చేసరికి పిల్ల ఒళ్లు కాలిపోతోంది. దవాఖానాలో నాలుగు రోజులు ఆ చిన్న చేతికి సూది. డాక్టరు ఏదో వైరస్ అన్నాడు. మా ఇంటావిడ తల ఊపింది గానీ నమ్మలేదు. అప్పట్నుంచి కాటుక డబ్బా ఆమె కొంగుకు కట్టుకున్నట్టే ఉంటుంది.

ఫొటో దుకాణంలో అతను మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, గా చుక్క తుడువుండ్రి. పాస్‌పోర్ట్ ఫొటోల మొఖం మీద ఏముండొద్దు."

"ఏందయ్య నువ్వు మాట్లాడేది? ఇంట్ల నలుగురు సూసే పిల్లకే చుక్క పెడుతున్నమా లేదా? గీ ఫొటో దేశదేశాలోళ్లు సూస్తరు. గేటుకాడొకడు, గాలిమోటారుకాడొకడు, దిగినంక ఇంకొకడు. అసలు పిల్లకన్నా ముందు ఫొటోకే పెట్టాలె."

నిజం చెప్పాలంటే ఆ వాదన నాకు బాగా నచ్చింది. దుకాణం అతను నా వైపు చూశాడు. "ఏం గాదు, తియ్యి. నాకు తెల్సినాఫీసరున్నడు" అన్నాను. లేని ఆఫీసరు అలా రెండోసారి పనికొచ్చాడు. ఎడమ చెంప మీద నల్లని చుక్కతో మా మనవరాలు మహారాణిలా ఫొటోలో కూర్చుంది.

అక్కణ్నుంచి పక్కనే ఉన్న నెట్ సెంటరుకు వెళ్లాం. అక్కడి అతను కంప్యూటర్లో అడిగినవన్నీ నింపుతూ, "ఒంటి మీద గుర్తులేమన్న ఉన్నయా అంకుల్?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునే లోపే బల్ల మీది ఫొటో చూసి "ఆ, ఉంది గదా" అని తనే కొట్టేశాడు. నేను తెర మీదికి వంగి ఒక్కో అక్షరం పరిశీలించి "కరెక్టుంది" అన్నాను. కళ్లజోడు ఇంట్లో ఉందని అప్పుడు చెప్పడం నాకు నామోషీ అనిపించింది. అలా ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని మా పిల్ల దరఖాస్తులోకి ఎక్కింది.

ఇక ఆఫీసుకు పోయే రోజు. అందరం ఉప్పల్ మెట్రో ఎక్కి వెళ్లాం. దారిలో పిల్ల తల్లి భుజం మీద ఎడమ చెంప ఆనించి పడుకుంది. లేచేసరికి చుక్క చెరిగిపోయి తల్లి కుర్తా మీద ఉంది. గేటు దగ్గర మా ఇంటావిడ అది చూసి గుండె పట్టుకుంది. కాటుక తీసి, ఆ పక్క మరకగా ఉందని, కుడి చెంప మీద కొత్త చుక్క పెట్టి లోపలికి పంపింది.

ఆ తర్వాత లోపల జరిగింది నేను ఇస్త్రీ బండి దగ్గర చెప్పినట్టు జరగలేదు. నేను బయట చెట్టు కింద చెరుకురసం తాగుతున్నాను. జరిగింది అమ్మాయి వచ్చి చెప్పింది. కౌంటరులో ఒక మేడం ఉందట. ఫొటో చూసింది, పిల్లను చూసింది, మళ్లీ ఫొటో చూసింది.

"అమ్మా, గీ పుట్టుమచ్చ ఇటునుంచి అటెట్ల పోయింది?"

అల్లుడు మెతక మనిషి, అబద్ధం చేతకాదు. "మేడం, అది దినాం మారుతది" అన్నాడట.

మేడం పెదవి బిగించి నవ్వు చాలాసేపు ఆపుకుంది. పక్క కౌంటరువాళ్లు ఆపుకోలేకపోయారు. అమ్మాయి సిగ్గుతో చున్నీ తడిపి చుక్క తుడిచేసింది. ఇప్పుడు దరఖాస్తులో ఎడమ చెంప మీద మచ్చ ఉంది, ఫొటోలో ఉంది, పిల్లకు మాత్రం ఎక్కడా లేదు. నవ్వు నవ్వే, పని పనే. "మొఖం మీద ఏమీ లేని ఫొటో తెచ్చుకోండి, గా మచ్చ సంగతి సరిచేస్తం. శుక్రవారం నేరుగా నా దగ్గరికే రండి" అని చెప్పి పంపిందట. మంచి మనిషి. సమోసా పెట్టలేదన్న ఒక్క లోటు తప్ప.

వెంటనే అక్కడే ఫొటో తీయించుకుందామని ఎదురుగా ఉన్న దుకాణంలో దూరాం. అప్పటికే పిల్లకు ఆకలి, నిద్ర, చిరాకు, మూడూ కలిసి వచ్చాయి. అతను నొక్కిన ప్రతి ఫొటోలో నోరే తప్ప ముఖం లేదు. ఇంటికొచ్చేశాం.

నెలాఖరు దగ్గర పడుతోంది. శుక్రవారం తప్పిపోతే పుస్తకం సమయానికి రాదు. అది అందరికీ తెలుసు.

"అమ్మా, రేపు చుక్క లేకుంట ఫొటో దిగుతది" అంది అమ్మాయి.

"చుక్క లేకుంట గంతమంది ముందల కూసోబెడుతవా? దవాఖానా మర్శిపోయినవా?"

"మర్శిపోలే. సూది గుచ్చుతుంటే పట్టుకున్నది నేనే. గానీ నీ చుక్కతోటి నా పేరు కొట్టేస్తరు. నాకెనుక ఇంకొకరు తయారుగున్నరు. ఇన్నేండ్లు నన్ను చదివించింది గిందుకేనా?"

మా ఇంటావిడ పిల్లను ఒళ్లో వేసుకుని దాని వేళ్లు ఒక్కొక్కటీ విప్పుతూ కూర్చుంది. అమ్మాయిని చదివించమని నాతో పోట్లాడింది ఆమే. నేను పదో తరగతి చాలన్నాను. ఇది ఇస్త్రీ బండి దగ్గర నేనెప్పుడూ చెప్పని విషయం. ఇప్పుడామెకు రెండు వైపుల నుంచీ లాగుతోంది. బిడ్డ పోవాలి, బిడ్డ బిడ్డకు ఏమీ కాకూడదు.

తర్వాత జరిగినదానికి పేరంతా నేనే కొట్టేశాను. ఏమని చెప్పానంటే, నేను గొంతు సవరించుకుని, "దిష్టి ఎవరి మీదనన్న పడాల్నంటవు, గంతే గదా? నా మీద పడనీ. చుక్క నాకు పెట్టు" అని త్యాగం చేశాననీ, ఇల్లంతా కళ్లు తుడుచుకుందనీ. అందులో ఒక్క ముక్క నిజం లేదు. నేను కుర్చీలో కునుకు తీస్తుంటే చెంప మీద చల్లగా ఏదో తగిలింది. కళ్లు తెరిచేసరికి మా ఇంటావిడ వేలికి కాటుక.

"ఏమే, ఇదేంది?"

"కదలకు. గిట్ల పెడితే సూసెటోళ్ల కండ్లన్ని నీ మీదనే పడుతయి. పిల్లనెవ్వలు సూడరు. దానికి ఫొటోల చుక్కుండదు, నీకుంటది."

"నా మొఖానికా? ఈ వయసుల?"

"నీకేం దిష్టి తాకుతదయ్యా? నిన్ను సూసి ఎవ్వలు కుళ్లుకుంటరు?"

అల్లుడు లేచి బయటికి వెళ్లిపోయాడు. నవ్వడానికే వెళ్లాడు, నాకు తెలుసు. అమ్మాయి మాత్రం తల్లిని వెనక నుంచి పట్టుకుని ఉండిపోయింది. కుళాయి దగ్గరికి పోయి కడుక్కుందామని లేచినవాణ్ని, ఆ ఇద్దరినీ చూసి మళ్లీ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ఉప్పల్‌లో అల్లుడికి తెలిసిన స్టూడియోకు బయలుదేరాం. మా ఇంటావిడ చుక్క మళ్లీ పెట్టింది, రాత్రిది చాలదని. నాచారం నుంచి ఉప్పల్ దాకా ఆటోలో నన్ను చూడని మనిషి లేడు. సిగ్నలు దగ్గర బండి మీది కుర్రవాడొకడు ఆగి, "కాకా, పెండ్లి జేసుకుంటున్నవా ఏంది?" అన్నాడు. "మీ చిన్నమ్మనడుగు, పక్కనే ఉంది" అన్నాను. మా ఇంటావిడ సంతోషానికి హద్దు లేదు. "సూసినవా? పిల్లను ఒక్కడన్న సూసిండా?" అని అమ్మాయిని మోచేత్తో పొడిచింది.

స్టూడియోలో తెల్ల గుడ్డ వేసిన కుర్చీలో పిల్లను కూర్చోబెట్టి, అల్లుడు గుడ్డ వెనక నుంచి దాని నడుం పట్టుకున్నాడు. ఫొటోగ్రాఫరు గిలక్కాయ ఊపాడు. పిల్ల కుడి పక్కకు చూసింది. సెల్‌ఫోనులో పాట పెట్టాడు. నేల వైపు చూసింది. చిటికెలు వేశాడు. నోరు తెరిచింది. అమ్మాయి ముందుకొచ్చి పిలిస్తే చేతులు చాచి కిందికి దూకబోయింది. ఫొటోగ్రాఫరుకు చెమటలు పట్టాయి. పిల్ల కింది పెదవి నెమ్మదిగా ముందుకు వస్తోంది. ఆ పెదవి సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అది పూర్తిగా వచ్చిందంటే ఇక ఆ పూటకు ఏడుపే.

నేను మంచినీళ్ల కోసమని లేచి కెమెరా వెనక నుంచి పోబోయాను. అంతే. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. పెదవి వెనక్కి పోయింది. ఏం చూస్తోందో మొదట ఎవరికీ అర్థం కాలేదు. నెరిసిన గడ్డం మధ్య నల్లగా నిగనిగలాడుతున్న నా చెంప చుక్కను చూస్తోంది! రోజూ తన ముఖం మీద ఉండేది అది ఎన్నడూ చూడలేదు పాపం. ఇప్పుడు తాత ముఖం మీద కనబడింది. నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి, కళ్లార్పకుండా, తిన్నగా చూస్తోంది.

"కాకా, కదలకుండ్రి! జర కిందికి వంగుండ్రి. చెంప ఇటు తిప్పుండ్రి. ఆ, గట్లనే, గట్లనే" అన్నాడు ఫొటోగ్రాఫరు. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. తెర మీద చూసి, తల పట్టుకుని నవ్వాడు. "గిసొంటి ఫొటో పెద్దోళ్లదే రాదు కాకా!"

అందరం మూగాం. తెల్లని వెనక భాగం, తెరిచిన కళ్లు, మూసిన నోరు, శుభ్రమైన రెండు చెంపలు. మా ఇంటావిడ అందర్నీ తోసుకుని వచ్చి చూసి, "ఎంత ముద్దుగున్నది" అని, వెంటనే నా వైపు తిరిగి నా చుక్క చెరిగిపోలేదు కదా అని పరీక్షించింది.

ఆ రోజు ఆ స్టూడియోలో పదిమంది పిల్లల ఫొటోలు నా చెంప వల్లనే కుదిరాయని చెప్పుకుంటూ ఉంటాను. పదిమంది కాదు. వరసలో ఇంకొక్క జంట ఉంది, దుబాయి పోయేవాళ్లు. ఫొటోగ్రాఫరు బతిమాలితే వాళ్ల పిల్లవాడి ముందు కూడా నిలబడ్డాను. వాడు నన్ను చూసి కెవ్వున ఏడ్చాడు.

శుక్రవారం మళ్లీ మెట్రో, మళ్లీ నా చెంప. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను నన్నే చూస్తూ ఉండిపోతే అమ్మాయి, అల్లుడు, పిల్ల అతని పక్క నుంచి నెమ్మదిగా లోపలికి పోయారు. చెరుకురసం జోలికి పోలేదు. మా ఇంటావిడా నేనూ చెట్టు కింద నిలబడి ఆ తలుపు వైపే చూశాం. చాలాసేపటికి అల్లుడు బయటికొచ్చి, మెట్ల మీదే నిలబడి, రెండు చేతులూ పైకెత్తాడు. వెనక అమ్మాయి పిల్లను గాల్లోకి ఎగరేస్తోంది.

"మేడం పిల్లను గుర్తు పట్టింది బాపూ. మచ్చ యాడికి పోయిందమ్మా అనడిగింది" అంది అమ్మాయి. "మా బాపు చెంపకెక్కింది మేడం అన్న. నమ్మలే. గుర్తులేం లేవని రాసుకుంది."

లోపలికి పోయి మేడంకు చూపించి వస్తానన్నాను. అందరూ కలిసి నా చెయ్యి పట్టుకుని మెట్రో వైపు లాక్కుపోయారు.

పోస్టులో పాస్‌పోర్టు వచ్చిన రోజు అమ్మాయి డ్యూటీలో ఉంది, అల్లుడు సంతకం పెట్టి తీసుకున్నాడు. నంబరు వెంటనే ఫోనులో అమ్మాయికి పంపాడు. ఇక ఆ సాయంత్రమంతా మేం ఫోను చుట్టూనే తిరిగాం. అది మోగినప్పుడు నేనే ఎత్తాను. వెనక ల్యాబు మిషన్ల చప్పుడు.

"బాపూ, ఇచ్చిన. ముగ్గురి కాగితాలు ముంగటికి పోయినయి. నా పేరే ఖాయం. నేను పోతున్న బాపూ!"

మా ఇంటావిడ ఫోను లాక్కుంది. ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. వినబడలేదని ఇంకోసారి చెప్పించుకుంది, బాగానే వినబడింది. తర్వాత ఫోను నా చేతిలో పడేసి, పిల్లను చంకనేసుకుని, బాల్కనీలోకి పోయింది. కింద నీళ్ల ట్యాంకరు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లకు, ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్నావిడకు, ఎవరికి పడితే వాళ్లకు వినబడేటట్టు అరిచింది:

"నా బిడ్డ పోతున్నది! పిల్లనెత్తుకొని పోతున్నది, ఎవ్వల సంకల పెట్టి పోతలేదు!"

నేనూ వెనకాలే పోయి నా వంతు ఏదో కలపాలని నోరు తెరిచాను. ఆమె చెప్పినదానికి కలపడానికి ఏమీ తోచలేదు. పక్కన నిలబడి, అదే మాట, ఆమె కన్నా గట్టిగా అరిచాను.